"టాస్క్"ను "కర్తవ్యం" అనవచ్చునా?

చేయవలసిన పనులను రాసిపెట్టుకొనే ఒక యాప్‌ను తెలుగులోకి తెచ్చే ప్రయత్నంలో కొన్ని వారాలుగా ఉన్నాను. మొదటి తెర మీది ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. ఆ మాట "టాస్క్". నాకు ముందు ఈ పని చూసినవారు దానిని "కర్తవ్యం" అని మార్చి ఉంచారు. అందువల్ల ఆ తెర మీద ఇప్పుడు "కొత్త కర్తవ్యం", "నేటి కర్తవ్యాలు", "కర్తవ్యాన్ని తొలగించు" అనే మాటలు కనిపిస్తున్నాయి.

వ్యుత్పత్తిని బట్టి చూస్తే వారిని తప్పుపట్టడానికి వీలులేదు. కృ ధాతువుకు తవ్యత్ ప్రత్యయం చేరితే కర్తవ్యం, ణ్యత్ చేరితే కార్యం అవుతాయి. రెండింటికీ "చేయవలసినది", "చేయదగినది" అనే అర్థమే ఉంది కనుక, ఇంగ్లీషువారు "టు డూ" అని రెండు మాటల్లో చెప్పినదానిని సంస్కృతం ఒక్క ప్రత్యయంలో ఇమిడ్చిందని ఒప్పుకోవలసిందే. అయితే తెలుగు వాడుకలో ఆ మాట వేరే దారి పట్టింది. కర్తవ్యాన్ని మనం నిర్వర్తిస్తాము, గుర్తెరుగుతాము, ఒక్కోసారి విస్మరిస్తాము. దానిని తొలగించడం, ఒక జాబితాలోనుంచి మరొక జాబితాలోకి లాగడం మన నోటికి అలవాటు లేని మాటలు. "కరెంటు బిల్లు కట్టాలి" అన్న చిన్న పంక్తి పైన "కర్తవ్యం" అని కనబడితే, ఆ పంక్తి మోయలేనంత బరువును దాని నెత్తిన పెట్టినట్లవుతుంది. "కార్యం" అనగానే శుభాశుభ కార్యాలు తోస్తాయి. "విధి" అంటే ఉద్యోగమైనా కావాలి, తలరాతైనా కావాలి.

నా మొగ్గు "పని" వైపు. ఇది అచ్చమైన ద్రావిడ పదం; తమిళ మలయాళాల్లోని "పణి" దీనికి తోబుట్టువు. దీని మీద వచ్చే అభ్యంతరం నాకు తెలుసు: ఉద్యోగమూ పనే, శ్రమా పనే, యంత్రం నడవడమూ పనిచేయడమే, అంత విస్తారమైన మాట ఒక సాంకేతిక అంశానికి ఎలా సరిపోతుందని అడుగుతారు. అయితే బహువచనం రాగానే ఆ విస్తారమంతా కుదించుకుపోతుంది. "చాలా పని ఉంది" అంటే భారం; "చాలా పనులు ఉన్నాయి" అంటే ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగినవి. ఈ యాప్‌కు కావలసింది ఆ రెండవ అర్థమే కదా.

అన్నిటికంటే నన్ను ఆకట్టుకొన్నది మరొకటి ఉంది. "చేయవలసినది" అన్న భావం కోసం తెలుగు నామవాచకాన్ని వెతుక్కోవలసిన అవసరమే లేదు. అది క్రియ చివర "ఆలి"గా ముందే ఉంది. చేయవలెను అన్నది చేయాలి, చేయాలె అయింది. కావలెను అన్నది కావాలి అయింది. ఎవరికి వారు జాబితా రాసుకొనేటప్పుడు "ఫోన్ చేయాలి", "అద్దె పంపాలి" అనే రాస్తారు, ఎవరూ "కర్తవ్యం: అద్దె" అని రాయరు. కనుక జాబితా పేరు "చేయాల్సినవి" అనీ, అందులోని ఒక్కొక్క అంశం పేరు "పని" అనీ పెట్టాలని నా ప్రతిపాదన. పెద్దల అభిప్రాయం కోరుతున్నాను.

మొదటి స్పందన:
"పని"తో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మీరు ముందుకు వెళ్ళే కొద్దీ "సబ్‌టాస్క్" ఎదురవుతుంది. అక్కడ "ఉపపని" అని మాత్రం రాయకండి. సంస్కృత ఉపసర్గను తెలుగు మాటకు తగిలించడం ఒక ఇబ్బంది, రెండు పకారాలు ఒకదానినొకటి తోసుకోవడం మరొకటి. దానికి "మెట్లు" అనడం నాకు హాయిగా ఉంది. అలాగే "ప్రయారిటీ"కి దయచేసి "ప్రాధాన్యం" అని రాయండి. ప్రధాన శబ్దం మీద భావార్థక ప్రత్యయం చేరి ప్రాధాన్యం అయిన తరువాత, దాని మీద మళ్ళీ "త" చేర్చి "ప్రాధాన్యత" అనడం గొడుగు మీద గొడుగు పట్టడమే.

రెండవ స్పందన:
జాబితాకూ చిట్టాకూ తేడా పాటించమని నా మనవి. తెలుగు వికీపీడియాలో గమనించదలచిన పేజీల వరుస వీక్షణ జాబితా, జరిగిపోయిన తొలగింపుల నమోదు చిట్టా. మీ యాప్‌లోనూ ముందున్న పనులకు జాబితా, ముగిసిన పనులకు చిట్టా అంటే చదువరికి చూడగానే తెలుస్తుంది.

ప్రశ్న వేసినవారి జవాబు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ప్రాధాన్యం, చిట్టా రెండింటినీ స్వీకరించాను. "మెట్లు" విషయంలో కొంత సందేహం ఉంది, ఎందుకంటే మెట్లను ఒకదాని తరువాత ఒకటిగా ఎక్కాలి, సామాన్ల పట్టీలాంటి పనిలో ఆ వరుస ఉండదు. ప్రస్తుతానికి "చిన్నపనులు" అని పెట్టి చూస్తాను.

నిన్న రాత్రి ఈ పనుల స్థితులను తెలిపే మాటల మీద కూర్చున్నాను. క్యాలెండర్ యాప్‌లు సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే ఐక్యాలెండర్ ప్రమాణంలో, అంటే 2009లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 5545లో, ఒక పనికి నాలుగు స్థితులు ఉన్నాయి. వాటిని "చేయవలసినది", "జరుగుతున్నది", "పూర్తయినది", "రద్దయినది" అని రాసుకొన్నాను. నాలుగూ ఒకే మూసలో ఒదగడం తెలుగు క్రియాజన్య విశేషణాల చలవ. గడువుకు "గడువు" ఉండనే ఉంది, దాటినవి "గడువు దాటినవి". స్థితి పేరు "పూర్తయినది" అయినా, దానిని మార్చే మీట మీద "పూర్తిచేయి" అని ఉండాలి. మీట అన్నది మనిషి యంత్రానికి ఇచ్చే ఆదేశం కనుక అక్కడ "చేర్చు", "తొలగించు" చాలు. యంత్రం మనిషితో మాట్లాడే చోట మాత్రం "గడువు తేదీని ఎంచుకోండి" అని మర్యాద పాటించాలి. పాత అనువాదంలో ఈ రెండూ కలగాపులగమై, కొన్ని చోట్ల యాప్ వాడుకరిని నువ్వు అని పిలుస్తున్నట్లుగా ఉంది.

సంఖ్యల దగ్గర మరొక చిక్కు. ఏ భాషలో సంఖ్యలను, తేదీలను ఎలా చూపాలో సాఫ్ట్‌వేర్‌కు చెప్పే యూనికోడ్ వారి సమాచార సంచయం సీఎల్‌డీఆర్. దాని నియమాల్లో తెలుగుకు ఏకవచనం, బహువచనం అని రెండు తరగతులే ఉన్నాయి. సున్నా బహువచనంలోకి వెళుతుంది. ఇంగ్లీషులో నామవాచకం మారితే సరిపోయే చోట మనకు క్రియ కూడా మారాలి: "1 పని మిగిలింది", "5 పనులు మిగిలాయి". అంతవరకు బాగానే ఉంది గాని, అన్నీ ముగించి కూర్చున్న మనిషికి "0 పనులు మిగిలాయి" అని చూపడం తెలుగు కాదు. సున్నాకు వేరే వాక్యం ఇవ్వమని యాప్ తయారుచేసేవారిని అడిగాను, సరేనన్నారు. అక్కడ "పనులన్నీ అయిపోయాయి" అని రాశాను.

చివరగా, నా మొదటి టపాలో "ఆలి"ని పొగిడాను గాని, పరీక్షించి చూసినప్పుడు ఒక లోపం కనబడింది. "అద్దె పంపాలి" అన్న పంక్తి పక్కన టిక్కు పడి, దాని మీద గీత పడి చిట్టాలోకి చేరిన తరువాత కూడా అది "పంపాలి" అనే చెబుతోంది. పైన "పూర్తయినవి" అన్న శీర్షిక, కింద ఇంకా పంపవలసి ఉన్నట్లు క్రియ. "అద్దె పంపడం" అని రాస్తే రెండు చోట్లా ఒదుగుతుంది. వాడుకరి తనకు తాను ఏమి రాసుకొన్నా అది ఆయన ఇష్టం. మేము చూపే నమూనా పనులలో మాత్రం "పంపడం", "కట్టడం" అనే రూపాలనే వాడుతున్నాను; "ఆలి"ని జాబితా శీర్షిక అయిన "చేయాల్సినవి" దగ్గర ఉంచాను.