లేతు టూల్ మనమే సాన పట్టుకోవాలా, ఇన్సర్టులు కొనుక్కోవాలా?

భీమవరం షాఫ్ట్:
మాది చిన్న లేతు షెడ్డండి. రొయ్యల చెరువుల ఏరేటర్ షాఫ్టులు, రైస్ మిల్లు పుల్లీలు, ట్రాక్టర్ బుష్షులు, ఏదొస్తే అది. పాత బెల్టు లేతు, టాప్ స్పీడు నిమిషానికి ఐదొందల చుట్లు (ఆర్‌పీఎం) కూడా దాటదు. కొత్తగా చేరిన కుర్రాడికి హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీలు) టూల్ ముక్క ఇస్తే గ్రైండర్ దగ్గర సగం అరగదీసేశాడు, అంచు మాత్రం రాలేదు. రెడీమేడ్ కార్బైడ్ అంచులు, అదే ఇన్సర్టులు, బిగించుకునే హోల్డర్ కొనేసి ఈ గొడవ వదిలించుకుందామని ఉంది. ఏమంటారు?

విడియా బాబాయ్:
కొనెయ్యండి, ఆలోచించకండి. టీఎన్‌ఎంజీ ఇన్సర్టు తీసుకుంటే మూడు మూలలు, రెండు వైపులు, మొత్తం ఆరు అంచులు. ఒకటి అరిగితే స్క్రూ వదులు చేసి తిప్పుకోవడమే. గ్రైండర్ దగ్గర పోయే టైముకి ఏ చెరువు రైతు డబ్బులిస్తాడు?

పాలకొల్లు టర్నర్:
ఆయన టాప్ స్పీడు ఐదొందలని రాశారు, చదివారా బాబాయ్? 25 మిల్లీమీటర్ల షాఫ్టు 300 ఆర్‌పీఎంలో తిరిగితే కోత వేగం నిమిషానికి దాదాపు 23.6 మీటర్లు. మైల్డ్ స్టీలుకి హెచ్‌ఎస్‌ఎస్ అడిగేది ఇంచుమించు అంతే. మీ టీఎన్‌ఎంజీకి వంద మీటర్ల పైన కావాలి. అదే షాఫ్టు 1270 పైన తిరగాలన్నమాట. అంత తిరగని లేతు మీద లోహం అంచుకి అంటుకుపోయి, ఫినిషింగ్ పీకేసినట్టు వస్తుంది.

ఇంకోటి. గన్‌మెటల్ (ఒక రకం కంచు) బుష్షుకి టూల్ పై వాలు సున్నా ఉండాలి. ఉక్కు కోసే టూలే దానికీ పెడితే పనిని లోపలికి లాక్కుంటుంది. అల్యూమినియానికి వాలు బాగా ఎక్కువ కావాలి. రోజూ రకరకాల పనులొచ్చే షెడ్డులో దేనికి కావాల్సిన ముక్కు దానికి అప్పటికప్పుడు దిద్దుకోవాలి. ప్రతిదానికీ ఓ ఇన్సర్టుల డబ్బా కొంటారా?

విడియా బాబాయ్:
అల్యూమినియం కోసమని పదునుగా సాన పట్టిన ఇన్సర్టులు దొరుకుతాయి, తక్కువ స్పీడులో స్టీలు మీద కూడా చక్కగా కోస్తాయి. ఆ సంగతి మీకు తెలియదు గానీ లెక్కలు చెబుతారు. పైగా మీ సాన పట్టే వీరులంతా చేసేది ఒకటే, టూల్ కాలగానే నీళ్ళలో చుయ్యిమనిపించడం. అంచు పగుళ్ళిస్తుంది. ఆ టూలుకి ఫినిషింగ్ ఏమొస్తుంది?

పాలకొల్లు టర్నర్:
నీళ్ళలో ముంచకుండా కాలే ముక్కని చేత్తో పట్టుకుంటారా? మా షెడ్డులో ప్రతి గ్రైండర్ పక్కనా డబ్బాతో నీళ్ళుంటాయి. ఒక్క టూలూ పగల్లేదు.

విడియా బాబాయ్:
కంటికి కనపడే పగులైతే పసిపిల్లాడూ చూస్తాడండి.

యానాం డీజిల్:
నీళ్ళ సంగతి పక్కన పెట్టి ఆయన అడిగింది చెప్పండి.

ఐటీఐ మాష్టారు:
ఇద్దరూ సగం సగం పట్టుకున్నారు. హెచ్‌ఎస్‌ఎస్‌ని టెంపర్ చేసేదే 550 డిగ్రీల దగ్గర. కాబట్టి అంచు కాస్త నీలం తిరిగినంత మాత్రాన మెత్తబడదు. పాతకాలం కార్బన్ స్టీలు అయితే ఆ రంగొచ్చేసరికే పని అయిపోయినట్టు. వేడెక్కక ముందే మాటిమాటికీ ముంచితే ఇబ్బంది లేదు. బాగా కాలాక ఒక్కసారిగా ముంచితేనే సన్న పగుళ్ళు వస్తాయి. బ్రేజింగ్‌తో టూలుకి అతికిన విడియా (కార్బైడ్) ముక్కని మాత్రం కాలాక అసలు ముంచకూడదు. దాన్ని బూడిదరంగు రాయి మీద పట్టకూడదు కూడా, ఆకుపచ్చ రాయి కావాలి.

భీమవరం షాఫ్ట్:
ఏరేటర్ షాఫ్టులన్నీ స్టెయిన్‌లెస్ అండి. దాని సంగతి?

పాలకొల్లు టర్నర్:
టూల్ మొద్దుబారి రుద్దిందా, పైపొర గట్టిపడిపోతుంది. తర్వాత పాసు దిగదు. స్పీడు తగ్గించి, పదును చూసుకుని, ఫీడు (టూల్ ముందుకు నడవడం) ఆపకుండా కోసెయ్యాలి. పదును చూసుకోవడం రావాలంటే సాన పట్టడం రావాలి. అది కుర్రాడికి నేర్పరా?

విడియా బాబాయ్:
నేర్పితే ఏమవుతుందో నేను చెప్తా. ఏళ్ళ తరబడి ఒకడికి పక్కన నిలబెట్టి నేర్పాను. త్రెడ్ టూల్ కళ్ళు మూసుకుని దిద్దేవాడు. ఒక సంక్రాంతికి ఊరెళ్ళి వస్తానన్నాడు. పండగయ్యాక అదే రోడ్డులో సొంత షెడ్డు తెరిచాడు. నా మిల్లు ఖాతాలు రెండు వాడి దగ్గరికి పోయాయి. ఇన్సర్టు బిగించేవాడు పోతే ఇంకొకడొస్తాడు. సాన పట్టేవాడు పోతే నా పని ఆగిపోతుంది.

పాలకొల్లు టర్నర్:
ఇంతసేపూ నీళ్ళు, పగుళ్ళు అన్నారు. అసలు సంగతి ఇదా! నేనూ అలాంటి కుర్రాణ్ణే. ఓనరు భోజనానికెళితే తప్ప నన్ను గ్రైండర్ ముట్టుకోనిచ్చేవాడు కాదు. అరిగి పారేసిన ముక్కలేరుకుని నేర్చుకున్నా. పని పూర్తిగా వచ్చాక కూడా హెల్పర్ జీతమే. అందుకే బయటికొచ్చా. మీవాడికి ఎంతిచ్చేవారు, అది రాయండి ముందు.

విడియా బాబాయ్:
అది మీకెందుకు?

మండపేట మిల్లు:
ఎవరు కోసినా పర్లేదు గానీ సీజన్లో పాలిషర్ షాఫ్టు మాకు సాయంత్రానికి కావాలండీ. ఇద్దరూ రేపు రమ్మనే బాపతే.

ఐటీఐ మాష్టారు:
బాబాయ్ గారి భయం అబద్ధం కాదు. పని నేర్చినవాడు వెళ్ళిపోతే మళ్ళీ మొదట్నుంచి నేర్పుకునేది ఓనరే. కానీ వెల్డింగ్‌తో నింపిన షాఫ్టు, కీవే (పొడవునా గాడి) ఉన్న షాఫ్టు వస్తే ఏం చేస్తారు? ఆ దెబ్బలకి ఇన్సర్టు మూల ఎగిరిపోతుంది. కీవే అయితే హెచ్‌ఎస్‌ఎస్ ఓర్చుకుంటుంది. వెల్డింగు పొర మరీ గట్టిగా ఉంటే అదీ కాలిపోతుంది. ఏ ముక్కు పెట్టాలో తెలిసిన మనిషి షెడ్డులో ఒకడైనా ఉండాలి.

భీమవరం షాఫ్ట్:
మా దగ్గర నెలంతా ఆ వెల్డింగ్ షాఫ్టులేనండి. కుర్రాడికి నేర్పిస్తా. పని వచ్చాక జీతం పెంచుతానని ఇప్పుడే చెప్పేస్తా. మొదలు ఎక్కడ పెట్టాలి?

పాలకొల్లు టర్నర్:
హెచ్‌ఎస్‌ఎస్ ఇవ్వకండి. 10 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీలు చదరపు రాడ్డు ముక్కలు కోసి ఇవ్వండి, చెయ్యి తిరిగేదాకా అవే పాడుచేసుకోనివ్వండి. ముందు రాయి డ్రెస్ చేయించండి, అంటే దాని ముఖం చదును చేయించండి. టూల్ ఆనించే రెస్టుకీ రాయికీ మధ్య ఖాళీ 3 మిల్లీమీటర్లు మించితే ముక్క అందులో ఇరుక్కుని వేళ్ళు పోతాయి. కళ్ళజోడు లేకుండా స్విచ్ వెయ్యనివ్వకండి.

విడియా బాబాయ్:
నేర్పండి, నేర్పండి. సంక్రాంతి అయ్యాక ఇక్కడే రాయండి, చదువుతా.