ఆసుపత్రి డైటీషియన్ ఉద్యోగం మానేసి ఏజెన్సీ (మన్యం) ప్రాంతానికి వెళ్లొచ్చా?

పప్పుచారు:
హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో డైటీషియన్‌ని. రోజంతా షుగరు, కిడ్నీ పేషెంట్లకు చార్టులు రాయడమే. డిశ్చార్జి రోజు పావుగంట మాట్లాడి కాగితం చేతిలో పెడతాను. ఇంటికెళ్లి ఏం తిన్నారో దేవుడికెరుక. ఇప్పుడు పాడేరు వైపు తల్లీపిల్లల పోషణ మీద పనిచేసే సంస్థ ఒకటి రమ్మంటోంది. ఏడాది కాంట్రాక్టు, జీతం ఇప్పటిదాంట్లో సగానికి కాస్త ఎక్కువ. "ఇంత చదివింది అంగన్‌వాడీల చుట్టూ తిరగడానికా" అని అమ్మ గొడవ. ఆ పనిలో ఉన్నవాళ్లు చెప్పండి, నిజంగా తృప్తి ఉంటుందా?

చోడంబలి:
నేను అటువైపే పనిచేస్తున్నానమ్మా, నేనూ ఆసుపత్రి నుంచి వచ్చినదాన్నే. తృప్తి సంగతి తర్వాత, ముందు పని విను. పిల్లల బరువు, ఎత్తు చూడాలి, టేపుతో జబ్బ కొలవాలి. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లకు 11.5 సెంటీమీటర్లు కూడా లేకపోతే అది తీవ్ర లోపం. జ్వరమో వాపో ఉన్నా, తిండి ముట్టకపోయినా ఎన్నార్సీలో, అంటే అలాంటి పిల్లల్ని ఉంచి తేరుకునేలా చేసే పోషకాహార పునరావాస కేంద్రంలో, చేర్పించాలి. ఇదంతా నువ్వు చదివిందే. తల్లి రెండు వారాలు అక్కడుంటే ఇంటి దగ్గర మిగతా పిల్లల్ని, మేకల్ని ఎవరు చూస్తారు? అది ఏ పుస్తకంలోనూ లేదు. మనకు సగం పని అదే.

ఇక్కడ రాజ్‌మా బాగా పండుతుంది. పండిందంతా సంతకు పోతుంది, ఇంట్లో పిల్లకేమో అన్నంలో చారునీళ్లు. రాజ్‌మాలో ప్రోటీన్ ఉందని చెప్తే నవ్వుతారు. నవ్వరా మరి, ఉప్పూ నూనే బట్టలూ ఆ డబ్బుతోనే కదా. అందుకని నేను వేరేలా అడిగాను: విరిగిన గింజలు, రంగు మాసినవి ఏం చేస్తారని. వాటిని చూపించి వ్యాపారి ధర తగ్గిస్తాడట. ఒక ఇంట్లో అత్తగారు అవి ఏరి ఉంచుకుని, రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మెత్తగా ఉడికించి మనవరాలికి పెట్టడం మొదలెట్టింది. (సగం ఉడికితే వాంతులవుతాయి, ఆ మాట మాత్రం గట్టిగా చెప్పాను.) గమనించావా, కోడలు కాదు, అత్తగారు. ఆ ఇంట్లో గరిటె ఆవిడ చేతిలో ఉంది. కొన్నాళ్లకి నేనెప్పుడూ ఈ సంగతి ఎత్తని ఇంకో ఊళ్లో ఒకావిడ నన్ను కూర్చోబెట్టి, అందులో చోడిపిండి (రాగిపిండి) కూడా కలపాలని నాకే నేర్పింది! చార్టులు రాసిన రోజుల్లో ఇలాంటిది ఒక్కటీ జరగలేదు నాకు. తృప్తి అంటే నాకైతే ఇదే, కాకపోతే ఎప్పుడో గానీ రాదు. మిగతా రోజులు రిజిస్టర్లు, సిగ్నల్ లేని ఫోన్లు, వానాకాలం జలగలు.

సెక్టారు మేడమ్:
తెలంగాణలో ఐసీడీఎస్ (అంగన్‌వాడీలు నడిపే ప్రభుత్వ పథకం) సూపర్‌వైజర్‌ని. ఒక్క మాట. సంస్థల నుంచి వచ్చేవాళ్లు కొందరు అంగన్‌వాడీ టీచర్‌ను తనిఖీ చేసినట్టు మాట్లాడతారు. ఆమెది ఆ ఊరే, ఎవరింట్లో పొయ్యి వెలగలేదో ఆమెకు తెలుసు. ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణికి భోజనం, గుడ్డు, పాలు సెంటర్‌లోనే పెడతాం. ఎందుకంటే ఇంటికిస్తే ఆ గుడ్డు భర్తకో పిల్లలకో పోతుంది. ఐరన్ మాత్ర ఇస్తాం, మింగీ మింగగానే టీ తాగేస్తారు, ఇంక ఐరన్ ఒంటికేం పడుతుంది? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5లో (2019–21) మా రాష్ట్రంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతానికి రక్తహీనత అని వచ్చింది. నువ్వు వెళ్లేచోటైనా ఇలాంటి అంకె ఒక్క ఏడాదిలో కదలదు. అది తెలిసి ఈ పనిలోకి రా తల్లీ.

లెక్కలమాస్టారు:
అందరూ బాగానే చెప్పారు గానీ ఇంటద్దె ఎవరు కడతారు? ఫండు ఎప్పటిదాకా ఉందో, తిరగడానికి బండీ పెట్రోలూ ఎవరిస్తారో, పీఎఫ్ ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. మా మరదలు పనిచేసిన ప్రాజెక్టు దాత తప్పుకోగానే ఆగిపోయింది. వారం సెలవు పెట్టి వాళ్లతో ఊళ్లు తిరిగి చూసి, రాజీనామా సంగతి అప్పుడు ఆలోచించండి.

పప్పుచారు:
థాంక్సండీ అందరికీ. మాస్టారు చెప్పినట్టు సెలవు పెడుతున్నా. చోడంబలి అక్కా, పాడేరులో ఒంటరి ఆడపిల్లకు గది దొరుకుతుందా?

చోడంబలి:
దొరుకుతుంది, నేనున్న వీధిలోనే అడుగుతాను. వచ్చేది డిసెంబర్‌లోనైతే స్వెట్టర్ ఒక్కటీ చాలదు, మందపాటి రగ్గు తెచ్చుకో.