సుత్తి కొట్టడం, సోది చెప్పడం, నస పెట్టడం: తేడా ఏంటి?

సుత్తికీ సోదికీ తేడా ఏంటని నిన్న ఒకరు అడిగారు కదా, నాకు సుత్తి అన్న మాట వింటే ముందు హాస్యనటుడు సుత్తి వేలు గారే గుర్తొస్తారు కాబట్టి ఆయన దగ్గర్నుంచే మొదలెడతా, కాస్త సుత్తే అవుద్ది, భరించండి.

ఆయన అసలు పేరు కురుమద్దాలి లక్ష్మీ నరసింహారావు, కృష్ణా జిల్లా మనిషి. ఆయన జోడీ సుత్తి వీరభద్రరావు గారి ఇంటిపేరేమో మామిడిపల్లి, విజయవాడ రేడియోలో నాటకాలు విన్నవాళ్లకి ఆ గొంతు సినిమాల కంటే ముందే తెలుసు. 1982లో డైరెక్టర్ జంధ్యాల గారి 'నాలుగు స్తంభాలాట' సినిమా వచ్చాక ఇద్దరి ఇంటిపేర్లూ పోయి సుత్తి వచ్చి కూర్చుంది. సాక్షి రంగారావు, షావుకారు జానకి, శుభలేఖ సుధాకర్ వీళ్లందరికీ సినిమా పేరు ఇంటిపేరైంది, వీళ్లిద్దరికి మాత్రం సినిమాలో వాడిన మాట అతుక్కుంది. మనకి ఇంటిపేరు ముందొస్తుంది కాబట్టి 'సుత్తి వేలు' అంటే తాతముత్తాతల నుంచి వస్తున్నట్టే ఉంటది.

ఇక తేడా అంటారా, క్రియాపదాలు చూస్తే చాలు. సోది చెప్తారు, నస పెడతారు, సుత్తి కొడతారు. సోది ఎరుకలసాని దగ్గర్నుంచి వచ్చింది, అడిగినా అడక్కపోయినా సాగుతూ పోయేది, వినేవాడు మధ్యలో లేచిపోయినా సోది సోదే. నస అంటే ఒక్కదాన్నే అడిగి అడిగి ప్రాణం తియ్యడం, ఇందులో మా చిన్నోడు దిట్ట. సుత్తికి మాత్రం తప్పించుకోలేని బకరా ఒకడుండాలి. కమ్మరి కొలిమి దగ్గర చూడండి, పెద్దదాన్ని సమ్మెట అంటారు, సుత్తి చిన్నది, ఒక్క దెబ్బతో అయ్యే పని కాదు, టకటకా పడుతూనే ఉండాలి, కింద ఇనుము కదలకుండా ఉండాలి.

అందుకే ఆ కామెడీ ఒక్కడితో అయ్యేది కాదు. రెండు జెళ్ళ సీత, శ్రీవారికి ప్రేమలేఖ మళ్లీ చూడండి, ఒకాయనది గంభీరమైన గొంతు, ఇంకొకాయన గాలికి ఎగిరిపోయేంత బక్క మనిషి, సుత్తి కొట్టేవాడి డైలాగు ఎంత ముఖ్యమో తినేవాడి మొహం అంత ముఖ్యం. 1988లో వీరభద్రరావు గారు పోయారు, నిండా నలభై రెండేళ్లు కూడా లేవు. 2001లో జంధ్యాల, 2012 సెప్టెంబర్లో వేలు గారు. వేలు గారంటే కామెడీ ఒక్కటే అనుకునేవాళ్లు 'ప్రతిఘటన'లో మతి చెడిన కానిస్టేబుల్ని ఒకసారి చూడండి, ఆ సీన్లో ఎవడూ నవ్వడు.

కామెంట్లు:

▪ మా హాస్టల్లో సుత్తి పోయి బ్లేడు వచ్చిందండి, 'గంటసేపు బ్లేడేశాడ్రా' అనేవాళ్లం. ఇప్పటి పిల్లలకి అన్నీ బోరే.

▪ బ్లేడు పోయింది గానీ సుత్తి ఎక్కడికి పోయింది సార్, యూట్యూబ్ వీడియోల కింద 'సుత్తి లేకుండా సూటిగా చెప్పు బ్రో' అని రోజూ కనపడుద్ది.

▪ చిన్న డౌటు, సుత్తి రైటా సుత్తె రైటా?

▪ రెండూ ఉన్నాయండి. మా ఊళ్లో మేకు కొట్టడానికైతే 'ఆ సుత్తె ఇటివ్వు' అంటారు, బుర్ర తినేవాణ్ణి మాత్రం 'సుత్తి ఆపరా' అంటారు, అక్కడ సుత్తె అనగా నేనెప్పుడూ వినలా. సినిమాలో ఎలా పలికారో అలాగే ఉండిపోయినట్టుంది.