టీసీబీఎస్ ప్లేట్ మీద పసుపు పెరిగితే విబ్రియో భయం పోయినట్టేనా?

ప్రశ్న: భీమవరం వైపు వనామీ రొయ్యల చెరువు. మొలాసిస్ (బెల్లపు మడ్డి) కొట్టాక, విబ్రియో బ్యాక్టీరియాని పెంచి చూసే టీసీబీఎస్ పరీక్ష ప్లేట్ మీద ఆకుపచ్చ కాలనీలు తగ్గి, పసుపువి పెరిగాయండి. రోగం తగ్గినట్టు అనుకోవచ్చా?

జవాబు: వద్దండి. ఆ రంగు, కాలనీలోని బ్యాక్టీరియా ప్లేట్‌లోని సుక్రోజ్ అనే చక్కెరని తింటుందా లేదా అన్నదే చెబుతుంది. తింటే ఆమ్లం పుట్టి పసుపవుతుంది. విబ్రియో పారాహీమోలిటికస్ అనే జాతి తినదు, ఆకుపచ్చగానే ఉంటుంది. ఈఎంఎస్ (రొయ్యలు చిన్నప్పుడే చచ్చే రోగం) తెచ్చే పిర్‌ఏ, పిర్‌బీ విషాల జన్యువులు ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ చుట్ట) మీద ఉంటాయి, వేరే విబ్రియో జాతుల్లోనూ దొరికాయి. రంగు చూసి తేలదు, రొయ్య హెపటోపాంక్రియాస్‌కి (కాలేయం లాంటి జీర్ణ గ్రంథి) పీసీఆర్ (జన్యువుల్ని పట్టే పరీక్ష) చేయించండి.

జవాబు: మొలాసిస్ విబ్రియోకి మందు కాదు, మిగతా బ్యాక్టీరియాకి కర్బనం. అవి పెరుగుతూ అమ్మోనియాని లాక్కుంటాయి. గ్రాము అమ్మోనియా నత్రజనికి 6 గ్రాముల కర్బనం కావాలి, అంటే సుమారు 20 గ్రాముల మొలాసిస్. పొద్దున్నే, ఏరేటర్లు (నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) తిరుగుతుండగా పలచగా కలిపి చల్లాలి. సాయంత్రం వేస్తే తెల్లవారుజాముకి ఆక్సిజన్ పడిపోతుంది. అసలు సంగతి అడుగున ఉంది: మిగిలిన మేత, రొయ్య విడిచిన పెంకు. పెంకులోని కైటిన్ అనే గట్టి పదార్థం నుంచి విబ్రియో కర్బనం, నత్రజని రెండూ తీసుకుంటుంది. చెక్ ట్రేలో (మేత ఎంత తిన్నాయో చూసే పళ్ళెం) మేత మిగిలితే తగ్గించాల్సిందే.

జవాబు: చెరువులో దిగే మనుషులకీ విబ్రియో ముప్పు ఉంది, ఇనుము సంగతి కూడా చూడండి. మన ఒంట్లో ఇనుము ప్రోటీన్లు పట్టి ఉంచుతాయి, విబ్రియో సిడెరోఫోర్లు (ఇనుముని పట్టే అణువులు) వదిలి దాన్ని లాక్కుంటుంది. కాలేయ జబ్బున్నవాళ్ళ రక్తంలో ఇనుము తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి విబ్రియో వల్నిఫికస్ అనే జాతి వాళ్ళ ప్రాణం మీదికి తెస్తుంది. అది పుండు గుండా ఒంట్లోకి వెళ్తుంది, కాబట్టి పుండున్న కూలీలను దయచేసి చెరువులో దించకండి.