మయామీ పెద్ద రిచర్డ్‌విల్: జాతిని అమ్ముకున్నాడా, ఆదుకున్నాడా?

వబాష్_ఒడ్డు

అమెరికాలో ఇండియానా రాష్ట్రం ఫోర్ట్ వేన్‌లో ఉన్న మనవాళ్లు బ్లఫ్టన్ రోడ్డు మీద ఆ తెల్లటి పాత ఇల్లు చూసే ఉంటారు. 1827లో కట్టింది. అమెరికా ఆదివాసుల్లో ఒకటైన మయామీ జాతి ప్రధాన నాయకుడు జీన్ బాప్టిస్ట్ రిచర్డ్‌విల్ ఇల్లు అది. (ఫ్లోరిడాలోని మయామీ నగరానికీ వీళ్లకీ సంబంధం లేదు, ముందే చెప్తున్నా.) మొన్న మా గ్రూపులో ఎవరో ఆయన్ని దూరదృష్టి ఉన్న నాయకుడని పొగిడితే ఒళ్లు మండింది. అందుకే ఈ చర్చ మొదలుపెట్టాను.

తల్లి టాకుమ్వా మయామీ పెద్ద పకాన్ తోబుట్టువు, తండ్రి ఫ్రెంచ్ వ్యాపారి. 1816 ప్రాంతంలో మేనమామ పెద్దరికం ఈయనకి వచ్చింది. 1841లో పోయేదాకా ఈయనే పెద్ద. ఆ పాతికేళ్లలోనే మయామీల నేల దాదాపు అంతా చేజారింది, ఈయనేమో ఇండియానాలోకెల్లా ధనవంతుడన్న పేరు తెచ్చుకున్నాడు.

అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న 1818 సెయింట్ మేరీస్ ఒప్పందం చూడండి. సెంట్రల్ ఇండియానా చాలామటుకు పోయింది. బదులుగా జాతికి దక్కింది ఏటా 15,000 డాలర్లు, ఒక పిండిమర, ఒక కోతమిల్లు, ఒక కమ్మరి, తుపాకులు బాగుచేసేవాడు ఒకడు, ఏటా 160 బుషెళ్ల ఉప్పు. పెద్దాయనకి మాత్రం సొంత పేరు మీద భూములు! ఫోర్ట్ వేన్ దగ్గర ఆయన ఇంటి పక్కనే మూడు సెక్షన్లు, అంటే దాదాపు రెండు వేల ఎకరాలు. వేరేచోట్ల ఇచ్చినవి అదనం.

1840 ఒప్పందం ఇంకా ఘోరం. మిగిలిన ఉమ్మడి నేల ఇచ్చేసి, ఐదేళ్లలో మిసిసిపీకి అవతల పడమటికి వెళ్లిపోవాలి. ఖరీదు 5,50,000 డాలర్లు. అందులో 25,000 రిచర్డ్‌విల్‌కి, జాతి ఆయనకి బాకీ ఉందట! జాతి తరఫున సంతకం పెట్టేదీ ఆయనే, జాతి దగ్గర బాకీ వసూలు చేసుకునేదీ ఆయనే. దీన్ని నాయకత్వం అని ఎలా అంటారో చెప్పండి.

గట్టుమీద_గోపి

అన్నా, కోపం అర్థమైంది. కానీ సంతకం పెట్టకపోతే ఏం జరిగేదో కూడా చెప్పు మరి.

కత్తి పట్టినవాళ్ల సంగతి చూద్దాం. లిటిల్ టర్టిల్ కూడా మయామీయే. 1791 నవంబర్ 4న వబాష్ నది పుట్టిన చోట అమెరికన్ జనరల్ సెయింట్ క్లెయిర్ సైన్యాన్ని ఊచకోత కోసిన స్థానిక జాతుల కూటమికి ముందు నిలిచినవాడు. ఒక్కరోజులో 600 మందికి పైగా అమెరికన్ సైనికులు పోయారు. స్థానిక జాతుల చేతిలో ఆ సైన్యానికి అంతకంటే పెద్ద దెబ్బ మళ్లీ తగల్లేదు. మూడేళ్లు తిరక్కుండానే ఇంకో అమెరికన్ జనరల్ ఆంథొనీ వేన్ వచ్చాడు, 1794లో ఫాలెన్ టింబర్స్ యుద్ధంలో కథ అడ్డం తిరిగి కూటమి ఓడింది, 1795లో గ్రీన్‌విల్‌లో ఒప్పందం మీద సంతకాలు. యుద్ధం వద్దని ఫాలెన్ టింబర్స్‌కి ముందే చెప్పింది కూడా లిటిల్ టర్టిలే.

ఆ తర్వాత ఆయన మళ్లీ కత్తి పట్టలేదు. అమెరికన్ల మీద జాతులన్నిటినీ కూడగట్టిన షానీ నాయకుడు టెకుంసేతో కలవలేదు. 1812 జూలైలో ఫోర్ట్ వేన్‌లోనే, అమెరికన్లకి మిత్రుడిగానే పోయాడు. సెప్టెంబర్‌లో అదే అమెరికన్ సైన్యం వచ్చి మయామీ ఊళ్లు తగలబెట్టి మొక్కజొన్న చేలు నరికేసింది. కాల్చిన ఊళ్లలో ఆయన ఊరు కూడా ఉంది. యుద్ధమూ అయింది, స్నేహమూ అయింది. రెండిటికీ ఏం దక్కిందో రిచర్డ్‌విల్ పక్కనే ఉండి చూశాడు. ఇక మిగిలింది బేరమే కదా?

చిన్నికృష్ణ_77

మధ్యవర్తి అన్నాక కమీషన్ ఉండదా గురూ? 😀

వబాష్_ఒడ్డు

@చిన్నికృష్ణ_77 కమీషన్ 25,000 డాలర్లా? అదీ 1840లో?

గోపి గారూ, బేరమాడటం తప్పని నేననలేదు. ఎవరికోసం బేరమాడాడన్నదే నా ప్రశ్న. 1838 ఒప్పందంలో ఒక షరతుంది. రిచర్డ్‌విల్ బాగా ముసలివాడు, ఒంట్లో సత్తువ లేదు, దూర ప్రయాణం చెయ్యలేడు కాబట్టి జాతి పడమటికి వెళ్లినా ఆయనకీ ఆయన కుటుంబానికీ రావాల్సిన వాటా ఫోర్ట్ వేన్‌లోనే ఇవ్వాలని రాసుకున్నారు. మరి మిగతా ముసలివాళ్లో?

సరళ_ఇండీ

కాస్త వివరంగా రాస్తాను, ఓపికుంటే చదవండి.

అసలు ఈయన డబ్బు ఎక్కడ మొదలైందో ఎవరూ చెప్పట్లేదు. ఈరీ సరస్సులోకి పోయే మోమీ నదికీ, పడమటికి పారే వబాష్‌కీ మధ్య ఫోర్ట్ వేన్ దగ్గర కొన్ని మైళ్లు నేలదారి. కెనడా నుంచి మిసిసిపీ వైపు వెళ్లే సరుకు అక్కడ పడవ దిగి, ఆ కాస్త దూరం నేలమీద మోయించుకుని మళ్లీ పడవెక్కాలి. ఆ దారి టాకుమ్వా కుటుంబం చేతిలో ఉండేది, మోతకూలీ వాళ్లదే. అంటే ఒక్క ఒప్పందమూ రాయకముందే వీళ్లు కలిగినవాళ్లు. ఒప్పందాలు ఆ సంపదని పెంచాయి, నేను కాదనను.

ఇక బాకీలు. ప్రభుత్వం ఏడాదికోసారి సొమ్ము పంచేది. ఏడాది పొడుగునా వర్తకులు గుడ్డలు, మందుగుండు, సారా అరువిచ్చి పద్దు రాసుకునేవాళ్లు. పంపకం రోజున పద్దు పుస్తకాలు పట్టుకుని వరసగా వచ్చి నిలబడేవాళ్లు. చేతికొచ్చిన వెండి అక్కడికక్కడే పోయేది. మళ్లీ అరువు. ఈ బాకీలు తీర్చడానికి ఇంకొంచెం నేల ఇవ్వండి అని తర్వాతి ఒప్పందం. 1840 సొమ్ములో 3,00,000 డాలర్లు బాకీలకే కేటాయించారు. ఆ వర్తకుల్లో రిచర్డ్‌విల్ కూడా ఒకడు. ఇందులో ఆయన్ని వెనకేసుకురావడం నావల్ల కాదు.

కానీ సొంత పేరు మీద పట్టా అనగానే ద్రోహం అనేస్తున్నారే, అక్కడ ఆగండి. జాతి ఉమ్మడి నేలకి ఆ దేశంలో ఏపాటి విలువ ఉందో చూశాం కదా, మరో ఒప్పందం వచ్చేదాకే దాని ఆయుష్షు. మనిషి పేరు మీదున్న పట్టా అలా కాదు, అది తెల్లవాడి కోర్టులో కూడా నిలిచే కాగితం. 1846లో వలస మొదలైనప్పుడు ఇండియానాలో ఉండిపోవడానికి కుదిరింది ఎవరికి? రిచర్డ్‌విల్, గాడ్‌ఫ్రాయ్, మెషింగోమీషియా కుటుంబాల లాంటివాళ్లకి. మిసిసినెవా నది ఒడ్డున మయామీలు ఇప్పటికీ ఉన్నారంటే ఆ పట్టా నేలల వల్లే.

ఇంకో మాట, ఆలస్యం. తూర్పు జాతుల్ని తరిమే చట్టం వచ్చింది 1830లో. పక్కనే ఉన్న పొటావాటమీ జాతి పెద్ద మెనోమినీ నేను సంతకం పెట్టను అని తెగేసి చెప్పాడు. మనిషి గొప్పవాడే. 1838లో సమావేశం అని పిలిచి సాయుధ దళంతో చుట్టుముట్టారు. 850 మందికి పైగా కాన్సాస్ దాకా నడిపించారు. దారిలో 40 మందికి పైగా పోయారు, ఎక్కువమంది చిన్నపిల్లలు. అదే ఏడు ఇక్కడ రిచర్డ్‌విల్ ఇంకా బేరమాడుతూనే ఉన్నాడు. 1834లో ఆయన కుదిర్చిన ఒప్పందంలో వలస షరతు లేదని అధ్యక్షుడు జాక్సన్ దాన్ని ఆమోదానికి సెనేట్‌కే పంపలేదు. 1837 దాకా మూలనపడింది. ఒత్తిడి ఆ స్థాయిలో ఉన్నా మయామీలు చట్టం వచ్చిన పదహారేళ్ల దాకా కదల్లేదు.

నల్లమల_నుంచి

చప్పట్లు. సరిగ్గా మన జమీందార్లు కూడా కంపెనీ వాళ్లతో...

సరళ_ఇండీ

@నల్లమల_నుంచి దండం పెడతాను, ఇక్కడికి జమీందార్లని తీసుకురావద్దండీ. వేరే చర్చ పెట్టండి, వస్తాను.

గట్టుమీద_గోపి

సరళగారు చెప్పిందే నా మాట కూడా. అమ్మాడు అమ్మాడు అంటున్నాం గానీ, కొనేవాడు తుపాకీ పట్టుకుని గుమ్మంలో నిలబడితే దాన్ని అమ్మకం అంటామా? వబాష్-ఈరీ కాల్వ తవ్వకం 1832లో ఫోర్ట్ వేన్‌లోనే మొదలైంది. కాల్వ గట్టు పొడుగునా నేల రేటు పెరుగుతుంటే, తెల్లవాళ్లు మయామీలని ప్రశాంతంగా ఉండనిస్తారా?

వబాష్_ఒడ్డు

ఆలస్యం సంగతి ఒప్పుకుంటాను, అది చిన్న విషయం కాదు. కానీ ఆ పట్టాల వల్ల ఇంకోటి కూడా జరిగింది. జాతి రెండుగా చీలింది.

1846 అక్టోబర్‌లో ఇండియానాలోనే ఉన్న పెరూ అనే ఊళ్లో సైనికుల్ని పెట్టి 300 మందికి పైగా జనాన్ని కాల్వ పడవల్లో ఎక్కించారు. వీళ్ల నేల కావలసినవాళ్లు తవ్విన కాల్వ మీదనే వీళ్లని పంపించేశారు. సిన్సినాటి దాకా కాల్వలు, అక్కణ్నుంచి స్టీమర్లు, నవంబర్‌కి కాన్సాస్. రిచర్డ్‌విల్ అల్లుడు లాఫోంటెయిన్ అప్పటికి పెద్ద. జనంతో పాటు కాన్సాస్ దాకా వెళ్లాడు, తిరిగి వస్తూ 1847లో ఇండియానాలోని లాఫయెట్‌లో పోయాడు. మామ కంటే అల్లుడి మీద నాకు గౌరవం ఎక్కువ. కాన్సాస్ కూడా వాళ్లకి మిగల్లేదు, తర్వాత ఓక్లహోమాకి తోశారు. అక్కడున్న తెగకి ఈరోజుకీ ఫెడరల్ గుర్తింపు ఉంది. సరళగారు చెప్పిన మిసిసినెవా ఒడ్డువాళ్లకి 1897లో ఒక ప్రభుత్వ న్యాయాధికారి అభిప్రాయంతో ఆ గుర్తింపు పోయింది. ఉండిపోవడానికి వాళ్లు కట్టిన మూల్యం అది.

కాబట్టి నా ఓటు మారలేదు. పట్టాల గురించి సరళగారి వాదనలో బలం ఉంది. 25,000కి మాత్రం ఇక్కడ ఎవరూ జవాబివ్వలేదు. ఈసారి ఆ ఇల్లు తెరిచి ఉంచే రోజున వెళ్తే గోడలు, కిటికీల ఫొటోలతో సరిపెట్టకుండా గైడ్‌ని ఆ బాకీ గురించి అడగండి. ఏం చెప్పారో ఇక్కడ రాయండి.