ఎథిడియం బ్రోమైడ్ గ్లవ్ మీద ఒలికింది, మిగిలింది సింక్‌లో పోయమంటున్నారు

రొయ్యపిల్ల_22:
భీమవరం దగ్గర రొయ్యల పీసీఆర్ ల్యాబ్‌లో (డీఎన్ఏ పరీక్షతో జబ్బులు పట్టేది) చేరి మూడు నెలలైందండి. హేచరీ సీడ్ వచ్చిందంటే వైట్ స్పాట్, ఈహెచ్‌పీ జబ్బులు ఉన్నాయో లేవో చూసి రాత్రికల్లా రైతుకి రిపోర్ట్ ఇవ్వాలి, సీజన్‌లో ఊపిరాడదు. నిన్న ఆ హడావిడిలో ఎథిడియం బ్రోమైడ్ (జెల్‌లో డీఎన్ఏ ముక్కలు కనబడేలా కలిపే రంగు) చిక్కటి స్టాక్, మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాములది, ఒక చుక్క గ్లవ్ మీద పడింది. వెంటనే మార్చాను గానీ ఈలోపే ఫోన్ మోగితే అదే చేత్తో ఎత్తానేమోనని అనుమానం. పొడి డబ్బా మీదేమో పుర్రె బొమ్మ, నెట్‌లో చూస్తే క్యాన్సర్ అంటున్నారు, రెండు నెలల్లో పెళ్లి, అమ్మకి చెప్పలేదు. సీనియర్ మాత్రం "ఏం కాదమ్మా, మిగిలింది బ్లీచింగ్ కలిపి సింక్‌లో పోసెయ్" అన్నాడు. నిజంగా ఏం కాదా?

పాతకాపు_కాకినాడ:
చెల్లెమ్మా, టెన్షన్ పడకు. నైట్రైల్ గ్లవ్ మీద ఒక్క చుక్క, అదీ వెంటనే తీసేశావు, దానికి ఏమీ కాదు. నెట్‌లోది పూర్తిగా అబద్ధమూ కాదు. డీఎన్ఏ మెట్ల మధ్యలో దూరి కూర్చోవడమే దాని పని, నీకు జెల్‌లో 941 బేస్ జతల దగ్గర వైట్ స్పాట్ బ్యాండ్ యూవీ కింద నారింజ రంగులో వెలిగేదీ అందుకే. బ్యాక్టీరియా పరీక్షల్లో మ్యుటేషన్లు తెచ్చింది, మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని మాత్రం రుజువు కాలేదు. ఆఫ్రికాలో పశువుల ట్రిపనోసోమ జబ్బుకి 1950ల నుంచి హోమిడియం అనే పేరుతో ఇదే మందు, కిలో బరువుకి 1 మిల్లీగ్రాము లెక్కన సూది వేశారు! నీ జెల్‌లో ఉండేది మిల్లీలీటరుకి అర మైక్రోగ్రామే. అలాగని వట్టి చేత్తో ముట్టుకోమనడం లేదు. భయపడాల్సింది పొడికి, ముక్కులోకి పోతే ప్రాణం మీదికొస్తుంది, ఆ పుర్రె బొమ్మ దానికే. పొడి మానేసి కలిపిన ద్రావణమే తెప్పించమని చెప్పు. జెల్ కుతకుతలాడుతుండగా కలపకు, 60 డిగ్రీలకి దిగాక వెయ్యి.

కొల్లేటి_కొంగ:
మీ సీనియర్ గారికి దణ్ణం. బ్లీచింగ్‌తో రంగు పోతుంది గానీ మిగిలేవి కూడా మ్యుటేషన్లు తెచ్చే పదార్థాలే. ఇక సింక్ నీళ్లు పోయేది మురుగు కాలువలోకే కదా, అక్కడ ఎవరో మోటారు పెట్టి చెరువులోకి తోడతారు, ఆ రొయ్యే మళ్లీ మీ ల్యాబ్‌కి వస్తుంది, ఆయ్! పల్చటి ద్రావణమైతే 100 మిల్లీలీటర్లకి 100 మిల్లీగ్రాముల యాక్టివేటెడ్ చార్‌కోల్ పొడి వేసి, మధ్యమధ్యలో కలుపుతూ గంటసేపు ఉంచి, ఫిల్టర్ పేపర్‌లో వడకట్టండి. ఆ బొగ్గు, వాడేసిన జెల్లు, గ్లవ్స్ అన్నీ మూతున్న డబ్బాలో వేసి ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్లేవాళ్లకే ఇవ్వాలి, మున్సిపాలిటీ చెత్తబండికి కాదు.

పాత_పిపెట్:
అందరూ ఎథిడియం ఎథిడియం అంటున్నారు, యూవీ ఊసెత్తరేం? కొత్తలో నేను ఫేస్ షీల్డ్ లేకుండా ట్రాన్స్ఇల్యూమినేటర్ (జెల్ కింద యూవీ వెలిగే పెట్టె) మీద వంగి బ్యాండ్లు కోశాను, పది నిమిషాలు కూడా ఉండదు. ఆ పూట ఏమీ తెలీలేదు, అర్ధరాత్రి లేచేసరికి కళ్లలో ఇసుక పోసి నలిపినట్టుంది, మెడ కమిలిపోయింది. మామూలు కళ్లజోడు చాలదు, ముఖమంతా కప్పే షీల్డే కావాలి, గ్లవ్‌కి కోటు చెయ్యికి మధ్య మణికట్టు కనబడకూడదు. మీరు డీఎన్ఏ తీయడానికి ఫినాల్ వాడుతుంటే, ఎక్కువ భయపడాల్సింది దానికేనని నా ఓటు, కాలినచోట ముందు తిమ్మిరెక్కుతుంది, నొప్పి తెలిసేలోపు చర్మం పోతుంది.

రొయ్యపిల్ల_22:
అందరికీ థాంక్సండి. ఇవాళ షీల్డ్ పెట్టుకుని, లైట్లు ఆపి, చేతి యూవీ దీపంతో ల్యాబంతా చూశాను. ఫోన్ మీద ఏమీ లేదు. ఫ్రిజ్ పిడి మీద మాత్రం నారింజ రంగులో నాలుగు వేలిముద్రలు! నా వేళ్లకంటే చాలా పెద్దవి. తడి కాగితంతో తుడిచి, మళ్లీ దీపం వేసి చూసి, ఆ కాగితాలు కూడా డబ్బాలోనే వేశాను. తుడిచేముందు సీనియర్‌ని పిలిచి చూపిస్తే, ఏమీ మాట్లాడకుండా వెళ్లి చేతులు కడుక్కున్నాడు.