స్పీడు పెంచాక అడ్డ సీల్ లీకవుతోంది, వేడి పెంచినా ఆగట్లేదు

ప్రశ్న:
రోల్ ఫిల్మ్‌తో పౌచ్ చేసి, నింపి, సీల్ వేసే ఆటోమేటిక్ మెషిన్ నడుపుతున్నాను. ఆగర్ ఫిల్లర్ (స్క్రూ తిరిగి పొడిని కొలిచి పోసేది), 200 గ్రాముల డిటర్జెంట్ పౌడర్. నిమిషానికి 30 పౌచ్‌లు తీసినన్నాళ్లూ ఏ గొడవా లేదు. 45కి పెంచిన దగ్గర్నుంచి పదింట్లో ఒకటైనా అడ్డ సీల్ దగ్గర కారుతోంది. నిలువు సీల్ బాగానే ఉంది. జా (సీల్ నొక్కే వేడి దవడ) టెంపరేచర్ 150 నుంచి 175 డిగ్రీలకి తెచ్చాను, ఫిల్మ్ ముడుచుకుపోతోంది తప్ప లీకు ఆగలేదు. జా మీది టెఫ్లాన్ గుడ్డ కూడా మార్చాను. ఇంకా పెంచనా?

జవాబు 1:
జా సమంగా కూర్చుంటోందా? మాన్యువల్ మోడ్‌లో తెల్ల కాగితం, కార్బన్ పేపర్ కలిపి నొక్కి చూడండి. ముద్ర ఒకవైపు పలచగా పడితే తేడా అక్కడే.

జవాబు 2:
వేడి జోలికి వెళ్లకండి బాబూ. నేనూ ఇదే పిచ్చితో రెండు నైట్ షిఫ్టులు పాడు చేసుకున్నాను.

కారిన పౌచ్ సీల్‌ని చేత్తో విడదీసి లైటు కింద పెట్టండి. శుభ్రంగా ఊడొస్తే వేడో, జా పట్టి ఉంచే సమయమో చాలలేదు. రెండు పొరల మధ్య తెల్లగా పొడి గీత కనిపిస్తే మాత్రం 200 పెట్టినా అతకదు. 30 దగ్గర ఒక్కో పౌచ్‌కి 2 సెకన్లు, 45 దగ్గర 1.33 సెకన్లే. పౌడర్ కిందికి దిగే వేగం మీ స్పీడును బట్టి పెరగదు కదా! జా మూసుకునేలోపే పొడి దిగిపోయేలా, ఆగర్ కాస్త ముందే స్టార్ట్ అయ్యేట్టు పెట్టండి. ఆగాక కూడా దాని మూతి నుంచి పొడి రాలుతోందేమో చూడండి.

నా మెషిన్‌లో అసలు దొంగ స్టాటిక్, అంటే రాపిడికి ఫిల్మ్ మీద చేరే కరెంటు. చెయ్యి ఫిల్మ్ దగ్గరికి తెస్తే వెంట్రుకలు లేచేవి. సీల్ పడాల్సిన చోటే పొడి అంటుకుని ఉండేది.

ప్రశ్న వేసినవారు:
అన్నా, ఐదు విప్పితే నాలుగింట్లో తెల్ల గీతే! ఆగర్ టైమింగ్ జరిపి, వేడి 155కి దించి, స్పీడు 40 పెట్టాను. గంటలో రెండే కారాయి. చేతి వెంట్రుకలు మాత్రం లేస్తున్నాయి. స్టాటిక్ బార్ (స్టాటిక్ తీసేసే పట్టీ) ఫిల్మ్ రోల్ దగ్గర పెట్టాలా, ఫిల్మ్‌ని గొట్టంలా మడిచే ఫార్మింగ్ కాలర్ దగ్గరా?

జవాబు 2:
ఫిల్మ్ కాలర్‌లోకి వెళ్లేముందు, పౌడర్ తగిలే ముఖం వైపు. ఎర్త్ వైరు మర్చిపోకండి.